ఆకుకూరలకు కంపోస్ట్ టీ: ఎరువు ఎంచుకోవడం నుంచి మొక్క మొదట్లో పోసేదాకా

టమాటా మొక్కకు కంపోస్ట్ టీ, అంటే కంపోస్టు నానబెట్టి వడకట్టిన నీళ్లు, పోస్తే అది తగిలేది మట్టికి, మనం తినేది పైన కొమ్మకు వేలాడే కాయని. ఆకుకూర సంగతి అలా కాదు. మట్టికి జానెడు ఎత్తులో ఉన్న ఆకునే కోసుకుని తింటాం. కొన్నిటిని పచ్చిగానే తింటాం. పైగా విత్తిన నెలా నెలన్నరకే కోత మొదలవుతుంది. అంటే మనం పోసిన దానికీ, మన నోట్లోకి వెళ్లే దానికీ మధ్య దూరం తక్కువ, రోజులూ తక్కువ. కంపోస్ట్ టీ గురించి చెప్పే చాలామంది ఈ తేడా పట్టించుకోకుండా అన్ని మొక్కలకూ ఒకటే పద్ధతి చెప్పేస్తారు. నేను మాత్రం ఆకుకూరలకు ఒక గీత గీసుకున్నాను: టీ వేరుకి, ఆకుకి కాదు. ఎలాంటి కంపోస్టు వాడాలి, బెల్లం కలపాలా వద్దా, ఎప్పుడు పోయాలి, ఎప్పుడు ఆపాలి అన్నవన్నీ ఈ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటాయి.

టీలో ఏముంటుంది, ఏముండదు

బాగా మాగిన కంపోస్టును నీళ్లలో నానబెట్టి, అందులో కరిగేవాటినీ, దాన్ని అంటుకుని ఉన్న సూక్ష్మజీవుల్నీ నీళ్లలోకి దించడమే కంపోస్ట్ టీ. నీళ్లలోకి తేలిగ్గా దిగేవి పొటాషియం, నైట్రేట్ రూపంలో ఉన్న నత్రజని, కొన్ని సూక్ష్మపోషకాలు, మాగిన ఎరువుకు నల్లరంగునిచ్చే హ్యూమిక్ పదార్థాలు. వాటితో పాటు బ్యాక్టీరియా, కొంత శిలీంధ్రం. కంపోస్టులోని నత్రజనిలో ఎక్కువ భాగం సేంద్రియ పదార్థంలోనే బిగుసుకుని ఉంటుంది. అది ఒక్క రోజు నానబెడితే ఊడి రాదు.

దీన్ని లెక్కేసి చూస్తే బాగా అర్థమవుతుంది. పాలకూర లాంటి పంట ఒక కాపుకు చదరపు మీటరు నేల నుంచి సుమారు 10 గ్రాముల నత్రజని తీసుకుంటుంది. లీటరు టీలో 100 మిల్లీగ్రాముల నత్రజని ఉందనుకుందాం. మంచి చిక్కటి టీ అనే అనుకుందాం. చదరపు మీటరుకు రెండేసి లీటర్ల చొప్పున నాలుగుసార్లు పోస్తే 8 లీటర్లు, అంటే 0.8 గ్రాములు. పంటకు కావలసిన దాంట్లో పదో వంతు కూడా కాదు.

కాబట్టి టీ భోజనం కాదు. భోజనం మడిలో కలిపే కంపోస్టే. విత్తే ముందు చదరపు మీటరుకు 25 లీటర్ల కంపోస్టు, అంటే మడి మీద 2.5 సెంటీమీటర్ల మందాన పరిచి పైమట్టిలో కలపాలి. అది చేయకుండా టీ మీద ఆశ పెట్టుకుంటే ఆకు పాలిపోయి పలచగా వస్తుంది, తప్పంతా టీ మీద పడుతుంది. మడి సిద్ధంగా ఉంటే మాత్రం, వెంటనే అందే పోషకాలు కొద్దికొద్దిగా వేరు దగ్గరికి చేర్చడానికి టీ చక్కగా పనికొస్తుంది. ముఖ్యంగా కోత కోశాక మళ్లీ చిగురు వేసే రోజుల్లో ఆ తేడా కనిపిస్తుంది.

ఇంకో మాట. వానపాముల తొట్టి అడుగు నుంచి కారే నల్లటి నీళ్లను కూడా చాలామంది కంపోస్ట్ టీ అనే పిలుస్తారు. అది ఇంకా మాగని చెత్త మీదుగా దిగి వచ్చిన నీరు. అందులో ఏముందో, ఉప్పు ఎంతుందో చెప్పలేం. ఆకుకూరలకు అది వద్దు. మళ్లీ కంపోస్టు కుప్ప మీదే పోసేయండి.

మొదటి మెట్టు: కంపోస్టు

పని మొత్తంలో ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. టీలోకి దిగేది కంపోస్టులో ఉన్నదే కదా. మంచి ఉంటే మంచి, చెడు ఉంటే చెడు.

పశువుల పేడ, కోళ్ల పెంట కలిపిన కంపోస్టయితే అది తప్పనిసరిగా వేడెక్కి మాగినదై ఉండాలి. పేడలో ఈ. కోలై, సాల్మొనెల్లా లాంటి రోగకారక బ్యాక్టీరియా ఉండవచ్చు. వాటిని చంపేది కుప్పలో పుట్టే వేడి. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లో దీనికో కొలత ఉంది. బారుగా పోసిన కుప్ప 55 నుంచి 77 డిగ్రీల సెల్సియస్ మధ్య కనీసం 15 రోజులు ఉండాలి, ఆ రోజుల్లో కనీసం 5 సార్లు తిరగేయాలి. తిరగేయడం ఎందుకంటే కుప్ప నడుమ ఎంత కాగినా అంచులు చల్లగానే ఉంటాయి. అంచున ఉన్నది నడుమకు రావాలి.

అవే నిబంధనల్లో, మాగని పచ్చి పేడ వేస్తే, తినే భాగం మట్టికి తగిలే పంటను 120 రోజుల దాకా కోయకూడదని ఉంది. పాలకూర, మెంతికూర, కొత్తిమీర మొత్తం జీవితమే అందులో సగం ఉండదు! అందుకని పచ్చి పేడ నానబెట్టిన నీళ్లు ఎదుగుతున్న ఆకుకూర మీద పోయడానికి దారే లేదు. ఎంత పలచన చేసినా సరే.

వర్మీకంపోస్టు విషయంలో ఒక చిన్న మెలిక. వానపాములు వేడి పుట్టించవు. పచ్చి పేడే మేతగా వేసి చేసిన వర్మీకంపోస్టులో ఆ వేడి దశ జరిగి ఉండదు. ముందు కుప్పలో కాగిన పదార్థాన్ని మేతగా వేసినదో, ఆకులు, కూరగాయల తొక్కలతో చేసినదో అయితే నిశ్చింతగా వాడవచ్చు. ఎవరి దగ్గరైనా కొంటుంటే మొహమాటపడకుండా ఈ సంగతి అడగండి.

ఇక ముక్కుతో చేసే పరీక్ష. గుప్పెడు కంపోస్టు తీసి పిడికిట బిగించండి. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావచ్చు, ధార కట్టకూడదు. పిడికిలి విప్పితే ముద్ద అలాగే నిలబడి, బొటనవేలితో తాకగానే పొడిగా విడిపోవాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి చినుకు పడ్డ నేల వాసన రావాలి. అమ్మోనియా ఘాటు వచ్చినా, పులిసిన వాసన వచ్చినా, పట్టుకుంటే వెచ్చగా తగిలినా అది ఇంకా మాగలేదు. అనుమానంగా ఉంటే తడి కంపోస్టును ఒక ప్లాస్టిక్ సంచిలో పోసి గాలి తీసి మూతి కట్టి మూడు రోజులు పక్కన పెట్టండి. విప్పినప్పుడు మట్టివాసనే ఉంటే సిద్ధమైనట్టు. కుళ్లు వాసన గుప్పుమంటే ఇంకొన్ని వారాలు ఆగాలి.

గడ్డి, పశువుల ఎరువు బయటి నుంచి తెచ్చుకునేవాళ్లు ఇంకోటి కూడా చూడాలి. అమైనోపిరాలిడ్, క్లోపిరాలిడ్ అనే కలుపుమందులు గడ్డిలోంచి పశువు కడుపులోకి, అక్కడి నుంచి పేడలోకి చెక్కుచెదరకుండా వస్తాయి. కుప్ప కాగినా త్వరగా విరగవు. నీళ్లలో కరుగుతాయి కాబట్టి టీలోకీ దిగుతాయి. ఆ కంపోస్టు, మట్టి సగం సగం కలిపిన కుండీలో నాలుగు చిక్కుడు గింజలు వేసి రెండు మూడు వారాలు చూడండి. కొత్త ఆకులు గరిటెల్లా ముడుచుకుంటూ మెలితిరుగుతుంటే ఆ కంపోస్టును టీకి గానీ మడికి గానీ వాడకండి.

రెండో మెట్టు: నీళ్లు

కొళాయి నీళ్లలో క్లోరిన్ కలిపేది సూక్ష్మజీవుల్ని చంపడానికే. అదే నీళ్లలో సూక్ష్మజీవుల్ని పెంచాలని చూస్తే పని జరగదు. వెడల్పు మూతి బకెట్లో నీళ్లు పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. గాలి బుడగలు పెడితే ఇంకా త్వరగా పోతుంది. కొన్ని చోట్ల నీళ్లలో క్లోరిన్‌కి బదులు క్లోరమైన్ కలుపుతారు. అది అలా ఎగిరిపోదు. 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్ర ఒకటి పొడి చేసి కలిపితే 15 లీటర్లకు సరిపోతుంది.

చెరువు, కాలువ నీళ్లు మాత్రం వాడకండి. అందులో ఏ మురుగు కలిసిందో మనకు తెలియదు. తాగడానికి పనికొచ్చే నీళ్లయితేనే ఆకుకూరల టీకి పనికొస్తాయని పెట్టుకోండి. వాన నీళ్లు పట్టుకుంటే, పక్షుల రెట్టలు పడే కప్పు మీద నుంచి వచ్చినవి కాకుండా చూసుకోండి.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఇంకో ఇబ్బంది. టీలోనూ లవణాలుంటాయి కాబట్టి రెండూ కలిసి ఆకు అంచులు మాడతాయి. ఆకుకూరల్లో లెట్యూస్ (సలాడ్ ఆకు) ఉప్పుకు త్వరగా లొంగుతుంది. నేలలో లవణాల కొలత, అంటే ఈసీ, 1.3 (dS/m) దాటితే దాని దిగుబడి తగ్గడం మొదలవుతుంది. పాలకూర 2 దాకా ఓర్చుకుంటుంది. ఈసీ మీటరు ఉన్నవాళ్లు పోసే ముందు టీలో ఒకసారి ముంచి చూడండి. 1 దాటితే ఇంకాస్త నీళ్లు కలపండి.

మూడో మెట్టు: పద్ధతి ఎంచుకోవడం

కంపోస్ట్ టీ అనే పేరుతో మూడు రకాల పనులు జరుగుతున్నాయి.

మొదటిది పూటలో అయిపోయేది. కంపోస్టును నీళ్లలో వేసి అరగంట బాగా కలియదిప్పి, వడకట్టి అప్పుడే పోసేయడం. రెండోది గాలి బుడగలు పెట్టి 24 నుంచి 36 గంటలు ఉంచడం. మూడోది బకెట్లో నానేసి గాలి లేకుండా వారం, రెండు వారాలు వదిలేయడం.

మూడోదాన్ని ఆకుకూరలకు నేను వాడను, వాడమని చెప్పను. గాలి అందని నీళ్లలో ఏది పెరుగుతుందో మన చేతుల్లో ఉండదు. ఆ వాసనే అనుమానం పుట్టిస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు మొదటి పద్ధతే మేలు. పంపు లేదు, కరెంటు లేదు, రాత్రంతా టెన్షన్ లేదు. కంపోస్టులో ఉన్నది నీళ్లలోకి దిగుతుంది. చెడ్డ బ్యాక్టీరియా కొద్దిగా ఉన్నా పెరగడానికి వ్యవధి ఉండదు.

గాలి పెట్టకపోతే ఫలితం ఉండదేమో అనుకోనక్కర్లేదు. హవాయి విశ్వవిద్యాలయం పరిశోధకులు పాక్ చోయ్ అనే ఆకుకూర మీద వర్మీకంపోస్టు టీని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. గాలి పెట్టిన టీ, గాలి పెట్టని టీ, సూక్ష్మజీవులకు మేత కలిపిన టీ మూడూ వాడి చూశారు. వర్మీకంపోస్టే ఎరువుగా వేసినప్పుడు మూడు టీలూ మొక్కల ఎదుగుదలను దాదాపు ఒకేలా పెంచాయి. కంపోస్టు ఎరువుగా ఉన్నప్పుడే టీ ప్రభావం బాగా కనిపించిందన్నది ఇందులో నాకు నచ్చిన సంగతి.

నాలుగో మెట్టు: తయారీ

20 లీటర్ల బకెట్‌కు కొలతలు చెబుతాను. నీళ్లు 15 లీటర్లు, కంపోస్టు లీటరున్నర, బరువులో సుమారు కిలో. అంటే పదికి ఒకటి. బకెట్ నిండా నీళ్లు పోయకండి, బుడగలకు నురుగు పొంగుతుంది.

పూటలో చేసే పద్ధతిలో కంపోస్టును నేరుగా నీళ్లలో వేసి కర్రతో ఒకవైపు గట్టిగా తిప్పండి. నడుమ సుడి పడగానే ఒక్కసారిగా ఎదురువైపు తిప్పండి. అలా దిశ మార్చినప్పుడల్లా నీళ్లు అల్లకల్లోలమై కంపోస్టు రేణువులకు అతుక్కున్నవి ఊడి వస్తాయి. ఐదు నిమిషాలు తిప్పడం, ఐదు నిమిషాలు ఆపడం, ఇలా అరగంట. ఆ తర్వాత పలచటి గుడ్డలో వడకట్టండి. ముతక నేత ఉంటే చాలు. మరీ సన్నని గుడ్డలో పదేపదే వడకడితే శిలీంధ్రపు పోగులు అందులోనే ఉండిపోతాయి.

గాలి పద్ధతికి అక్వేరియం దుకాణంలో దొరికే ఎయిర్ పంపు, రెండు ఎయిర్ స్టోన్లు (గాలిని సన్న బుడగలుగా వదిలే రాళ్లు), గొట్టం కావాలి. 15 లీటర్లకు నిమిషానికి 5, 6 లీటర్ల గాలి ఇచ్చే పంపు ఉండాలి. చేపల తొట్టిలో మాదిరి సన్నగా బుడబుడమంటే చాలదు. అన్నం కుతకుత ఉడుకుతున్నట్టు పైనంతా కదులుతూ ఉండాలి. పంపును బకెట్ నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపులో చేరకుండా ఉంటాయి.

కంపోస్టును వదులు నేత గుడ్డ సంచిలో పోసి మూతి కట్టి వేలాడదీయండి. సంచి సగమే నిండాలి, కుక్కితే నీళ్లు లోపలికి వెళ్లవు. స్టోన్లలో ఒకటి సంచి కిందకి వచ్చేలా పెట్టండి. బకెట్ నీడలో ఉండాలి, గది వేడి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. వేడి పెరిగేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ నిలవదు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే ఇముడుతుంది. అదే వేడికి సూక్ష్మజీవులు మరింత చురుగ్గా ఆక్సిజన్ లాగేస్తాయి. అందుకే ఎండాకాలంలో 36 గంటలు కాకుండా 18, 20 గంటలకే దించేయడం మంచిది.

సిద్ధమైన టీ తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు దాకా ఎలాగైనా ఉండొచ్చు. రంగును బట్టి బలం చెప్పలేం. పైన నురుగు వస్తే బాగా వచ్చినట్టని అంటుంటారు, అందులో నిజం లేదు. చూడాల్సింది వాసన ఒక్కటే. మట్టివాసన ఉండాలి.

ఒక రాత్రి నేను బకెట్ పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే పంపు చప్పుడు లేదు, రాత్రి ఎప్పుడో కరెంటు పోయింది. బకెట్ మీదికి వంగగానే ముక్కు మూసుకునేలా పుల్లటి కుళ్లు వాసన. పంపు మళ్లీ వేసి ఇంకో రోజు ఉంచితే సరిపోతుందేమో అనిపించింది, అంత కష్టపడి చేశాక పారబోయడానికి మనసు ఒప్పదు కదా. కానీ దాన్ని పోయాలనుకున్న మడిలో ఉన్నది కొద్ది వారాల్లో కోతకొచ్చే కొత్తిమీర. మొత్తం తీసుకెళ్లి కంపోస్టు కుప్ప మీద గుమ్మరించాను. వాసన మారిన టీని గాలి పెట్టి బాగుచేయలేం. అప్పటి నుంచి పంపు నడుస్తున్నంతసేపూ మధ్యమధ్యలో చూసుకుంటూనే ఉన్నాను.

పంపు ఆపాక నాలుగు గంటల్లోపు వాడేయాలి. సీసాల్లో పోసి మూతపెట్టి దాచకండి. ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ అందులోని జీవులే వాడేసుకుంటాయి.

బెల్లం, మొలాసిస్ కలపాలా?

ఎక్కువమంది అడిగేది ఇదే. ఆకుకూరలకు నా జవాబు వద్దనే.

బెల్లం గానీ, మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే తీపి మడ్డి) గానీ మేతగా కలిపితే బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది, నిజమే. కానీ మనకు కావలసినవే పెరగాలని రూలేమీ లేదు. కంపోస్టులో లెక్కకు అందనంత తక్కువగా ఈ. కోలై, సాల్మొనెల్లా మిగిలి ఉన్నా, మొలాసిస్ కలిపిన టీలో అవి మళ్లీ పెరుగుతాయని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. గాలి పెట్టిన టీలోనూ పెరిగాయి. అమెరికా జాతీయ సేంద్రియ ప్రమాణాల బోర్డు కంపోస్ట్ టీ మీద వేసిన బృందం 2004లో నివేదిక ఇచ్చింది. మేత కలపని టీకి, కలిపిన టీకి అందులో వేర్వేరు సిఫారసులు చేసింది. మేత కలిపిన టీని బ్యాక్టీరియా పరీక్ష చేయించకుండా వాడితే, పచ్చి పేడకు పెట్టినట్టే కోతకు ముందు 90 (తినే భాగం మట్టికి తగలకపోతే), 120 (తగిలితే) రోజుల గడువు పాటించాలంది. ఇంట్లో చేసుకునే మనం ప్రతి బకెట్‌నూ ల్యాబుకు పంపలేం. కాబట్టి తీపి కలపకపోవడమే మనం తీసుకోగల జాగ్రత్త.

"కడుక్కుని తింటాం కదా" అంటారు. కడిగితే చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఆకు మీది సన్నటి రంధ్రాల్లో, మడతల్లో, గాయమైన చోట్ల దాక్కున్న బ్యాక్టీరియా నీళ్లకు ఊడిరాదు. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు ఉంటే ఈ విషయంలో సర్దుకుపోవడం అస్సలు తగదు.

ఐదో మెట్టు: పోయడం

ఎదిగిన మొక్కలకు టీ ఒక వంతుకు నీళ్లు ఒక వంతు కలపండి. నారుకు, రెండాకుల దశ దాటిన లేత మొక్కలకు ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు. విత్తనాలు మొలకెత్తుతున్నప్పుడు ఏమీ పోయకండి. కలిపిన నీళ్లు చదరపు మీటరుకు రెండు లీటర్ల చొప్పున పడాలి. పైన చెప్పిన బకెట్ 30 లీటర్లవుతుంది కాబట్టి 15 చదరపు మీటర్ల మడికి వస్తుంది. అడుగు వెడల్పు కుండీకి అర లీటరు చాలు.

పొడి మట్టి మీద పోయకండి. ముందు మామూలు నీళ్లతో మడి తడిపి, అవి ఇంకాక టీ పోయండి. ఎండిన మట్టి నెర్రెల్లోంచి నీళ్లు వేరు తగలకుండానే కిందకి జారిపోతాయి. సాయంత్రం ఎండ తగ్గాక పోస్తే మంచిది.

క్యాన్ మూతికుండే జల్లెడ తీసేయండి. జల్లు పడితే ఆకు మీద పడుతుంది. చెంబుతో అయితే వంగి, మూతిని మట్టికి రెండు వేళ్ల ఎత్తులో పెట్టి వరసల మధ్య సన్న ధారగా వదలండి. పాలకూర ఆకులు నేల మీద పరుచుకుని ఉంటాయి కదా, ఎడమచేత్తో ఆ ఆకుల్ని మెల్లగా పైకెత్తి పట్టుకుని మొదలు పక్కన పోయాలి. ధార తగిలిన చోట చిన్న గుంట పడి మట్టి ఎగిరి ఆకు అడుగున అంటుకుంటుంటే ఎత్తు ఎక్కువైందని అర్థం. మడి మీద ఎండుగడ్డో ఎండుటాకులో పలచగా పరిచి ఉంటే ఈ చిందడం చాలా తగ్గుతుంది. పొరపాటున ఆకుల మీద పడితే వెంటనే మంచినీళ్లతో కడిగేయండి.

డ్రిప్ ద్వారా ఇవ్వాలనుకుంటే నలుసులు రంధ్రాల్ని మూసేస్తాయి. ఇంకోసారి వడకట్టి, ఇచ్చాక పది నిమిషాలు మామూలు నీళ్లు పారించండి.

పిచికారీ చేస్తే తెగుళ్లు తగ్గుతాయని వినే ఉంటారు. ఆకు తెగుళ్ల మీద కంపోస్ట్ టీ ఫలితాలు ఒకసారి కనిపిస్తాయి, ఇంకోసారి కనిపించవు. నిలకడ లేని లాభం కోసం తినే ఆకునే తడపడం నాకు సబబు అనిపించదు. నారుకుళ్లు విషయంలో మాత్రం మట్టిలో పోయడం వల్ల మేలు జరిగిన పరిశోధనలున్నాయి. అక్కడ కూడా పని చేసింది సముద్రపు నాచు, హ్యూమిక్ ఆమ్లం కలిపిన టీ. మొలాసిస్‌తో చేసినది అంత నిలకడగా పని చేయలేదు. అసలు నారుకుళ్లుకు ముందు చూడాల్సింది విత్తనాలు ఒత్తుగా పడ్డాయా, నీళ్లు నిలుస్తున్నాయా అన్నది.

ఎప్పుడు పోయాలి, ఎప్పుడు ఆపాలి

వండుకునే కొత్తిమీర, మెంతి లాగా ఒకేసారి పీకేసే పంటలకు రెండుసార్లు చాలు. మూడో ఆకు వచ్చాక ఒకసారి, మళ్లీ వారం పది రోజులకు ఇంకోసారి. కోతకు రెండు వారాల ముందు నుంచి మామూలు నీళ్లే. మెంతి మూడు వారాలకే పీకేస్తారనుకుంటే ఆ రెండు వారాల వ్యవధి దొరకదు కాబట్టి టీ అసలు పోయకండి.

కోసినకొద్దీ వచ్చే తోటకూర, పాలకూర, బచ్చలి దగ్గర టీ నిజంగా అక్కరకొస్తుంది. కోశాక రెండు రోజులు ఆగి, కోసిన కొనలు ఆరాక పోయండి. అప్పుడు మడిలో తినే ఆకంటూ దాదాపుగా ఉండదు, తర్వాతి కోతకు వ్యవధి ఎక్కువుంటుంది, మొక్క కొత్త చిగురు కోసం పోషకాలు వెతుక్కుంటూ ఉంటుంది. మూడూ కలిసొచ్చే రోజు అది. కోతకు కోతకు మధ్య ఒక్కసారే. బచ్చలి తీగను పందిరికి ఎక్కిస్తే ఆకు మట్టికి దూరంగా ఉంటుంది, దానికి అంత కంగారు లేదు. నేల మీద పరుచుకునే లెట్యూస్‌ను, పచ్చిగా తినే ఏ ఆకునైనా మాత్రం నేను నారు దశ దాటాక టీకి దూరంగానే ఉంచుతాను. వాటికి మడిలో వేసిన కంపోస్టే చాలు.

ఆకు ఏం చెబుతోందో చూడండి

కింది ముదురాకులు మొదట పసుపెక్కి, మొక్క గిడసబారితే అది నత్రజని కొరత. టీ పెంచితే తీరదు, మాగిన కంపోస్టు వరసల మధ్య వేలెడు మందాన వేసి నీళ్లు పెట్టండి. పై లేతాకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు, తరచుగా అది మట్టి పీహెచ్ ఎక్కువ కావడం వల్ల. ముదురాకుల అంచులు మాడుతుంటే పొటాషియం కొరత కావచ్చు, లవణాలు ఎక్కువ కావడమూ కావచ్చు. టీ పోస్తున్నకొద్దీ మాడుతుంటే లవణాలే అనుకుని టీ ఆపి, రెండుసార్లు మంచినీళ్లు సమృద్ధిగా పెట్టండి. ఆకు ముదురు పచ్చగా, మరీ మెత్తగా వచ్చి పేనుబంక పడుతుంటే ఎరువు ఎక్కువైంది.

టీ వల్ల మీ మడికి నిజంగా లాభముందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. ఒకే రోజు విత్తిన నాలుగు వరసలు తీసుకోండి. ఒకటి, మూడు వరసలకు టీ, రెండు, నాలుగు వరసలకు అంతే కొలత మామూలు నీళ్లు. మిగతావన్నీ ఒకటే. కోత రోజున వరసలవారీగా తూచి రాసుకోండి. కంటికి పచ్చగా కనిపించడం వేరు, తూకంలో తేలడం వేరు. రెండు మూడు కాపులు ఇలా చూశాక తేడా లేకపోతే, ఆ శ్రమ మడికి కంపోస్టు మోయడం మీద పెట్టండి, అదే లాభం.

చివరి పని: కడగడం

సంచిలో మిగిలిన మడ్డిలో ఇంకా బోలెడు సత్తువ ఉంటుంది. దాన్ని కుప్పలోనో, పండ్ల మొక్కల మొదట్లోనో వేయండి. బకెట్, గొట్టం, స్టోన్లు అప్పటికప్పుడే కడగాలి. రేపు చూద్దాంలే అంటే లోపల జిగురు పొర కడుతుంది, తర్వాతి టీ వాసన మారేది చాలాసార్లు దానివల్లే. బ్రష్‌తో రుద్ది, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో గొట్టాన్నీ స్టోన్లనూ కాసేపు ఉంచి, మంచినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించండి. స్టోన్ ఆరాక కూడా వేలికి జారుడుగా తగిలితే దాన్ని పారేసి కొత్తది పెట్టుకోండి. చివరగా సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ తర్వాతే కోతకు వెళ్లండి.